గుడ్డు లేని పిండి

"కిటికీ పక్కన వద్దురా, ఎండ కొడుతోంది. నేనీ గోడకి ఆనుకుంటాను. నువ్వు ఎదురుగా కూర్చో."

"వీధి కనిపిస్తే బాగుంటుందని నీకోసం ఆ బల్ల ఉంచానక్కా."

"వీధి రోజూ చూసేదే. నీ మొహం చూసే ఎన్నాళ్ళో అయింది. కూర్చో."

మధ్యాహ్నం భోజనాల రద్దీ అయిపోయింది. పచ్చటి గోడల హోటల్లో వాళ్ళిద్దరూ, వడ్డించే అమ్మాయీ తప్ప ఎవరూ లేరు. మాంసం కొట్టు నడుపుకునే అక్క, తమ్ముడు చెఫ్‌గా ఉన్న ఈ కూరగాయల ఇటాలియన్ హోటల్లో అడుగుపెట్టడం ఇదే మొదలు. మాట్లాడాలి, ఎక్కడ కలుద్దామని తమ్ముడే ఫోన్ చేశాడు. మీ హోటల్లోనే మాట్లాడదాం, కడుపునిండా పెట్టు అని ఆమె అంది. అతని కుడిచేతికి వేళ్ళ నుంచి మణికట్టు దాకా కట్టు ఉంది. ఆ చెయ్యి బల్ల కింద పెట్టుకున్నాడు.

"చేతికేమైంది?"

"చెప్తాను. ముందు తిను. అమ్మాయ్, అక్కకి మెనూ ఇవ్వు."

"నాకు మెనూ ఎందుకు, నువ్వున్నావుగా. మాంసం లేదు, చేప లేదు, అది తెలుసు. పాలు కూడా లేవా?"

"పాలు లేవు, వెన్న లేదు, గుడ్డు లేదు, తేనె కూడా లేదు. ఒక ప్రాణిని బాధపెట్టి తెచ్చింది ఏదీ ఈ వంటింటి గడప దాటదు. మా నియమం అది. గోడ మీద రాసుంది చూడు."

"లోపలికి రాగానే చూశాను. పెద్ద పెద్ద అక్షరాలు. మరి చీజ్?"

"జీడిపప్పుది."

"జీడిపప్పు చీజ్. కోడి లేని కోడికూర లాగుందిరా."

"తిన్నాక చెప్పు ఆ మాట."

"అన్నీ తెప్పించు. ఒక్కసారే కాదు, ఒకదాని తర్వాత ఒకటి. ఇవాళ కొట్టు మూసేసి వచ్చాను, నాకు తొందరేం లేదు. నీకుందా?"

"నాకూ లేదు. అమ్మాయ్, ముందు వంకాయ, తర్వాత గుమ్మడికాయ కూరిన రవియోలీ, ఆ తర్వాత పుట్టగొడుగుల రిసోటో అన్నం. కాలీఫ్లవర్ నేను చెప్పాక."

"సరే చెఫ్."

"ఆ అమ్మాయి వణుకుతోందేమిట్రా?"

"కొత్త. అక్కా, నీతో పనుందని పిలిచాను."

"పని లేకపోతే నన్నెందుకు పిలుస్తావులే. చెప్పు."

"పిన్ని సంగతి."

"ఏ పిన్ని?"

"మా వంటింట్లో పిండి కలిపే ఆవిడ. అందరం పిండి పిన్ని అంటాం. మీ వీధి చివరిల్లు. నువ్వేగా ఇక్కడ పనిలో పెట్టించావు."

"ఆఁ. ఏమైంది ఆమెకి?"

"నీకేం తెలీదా?"

"ఇంటికి తాళం ఉంది. కూతురి దగ్గరికి వెళ్ళిందేమో అనుకున్నాను. ఏమైందిరా?"

"చిన్న ప్రమాదం. పాస్తా ఉడికించడానికి పెద్ద గిన్నె ఉంటుంది, ఇదిగో నా నడుమెత్తు. అది జారి మరిగే నీళ్ళు ఆమె చేతి మీద పడ్డాయి. లాగబోయాను, నాకూ ఇలా అయింది."

"అయ్యో. ఏ చెయ్యి?"

"కుడిచెయ్యి."

"నీది నాకు కనిపిస్తూనే ఉంది. ఆమెది?"

"ఆమెదీ కుడిదే. మోచేతి దాకా."

"పిండి కలిపే చెయ్యి."

"అదే కదా నా బాధ."

"ఇప్పుడెక్కడుంది?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? ఆసుపత్రిలో కట్టు కట్టించుకుంది, మర్నాడు పొద్దున్నే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. ఫోన్ ఎత్తదు. అప్పట్నించి మీ వీధి మలుపులో బండి మీదే కూర్చుంటున్నాను. ఆ సందులోంచి ఎవరు బయటికి రావాలన్నా నన్ను దాటే రావాలి. రాలేదు."

"చూశాను నిన్ను. కొట్టు నుంచి కనిపిస్తావుగా. లోపలికొచ్చి ఓ చుక్క టీ అయినా తాగలేదు."

"నీ కొట్టులో వాసన నాకు పడదు, తెలుసుగా."

"తెలుసు. అంత కాపలా దేనికి?"

"పోలీసుల దగ్గరికి వెళ్తానందట. వెళ్ళకముందే మాట్లాడాలి. నువ్వంటే ఆమెకి గురి. నువ్వో మాట చెబితే కాదనదు. గిన్నె జారిందని చెబితే చాలు."

"జారింది నిజమే అయితే, చెప్పమని బతిమాలడం ఎందుకురా?"

"వంకాయ వచ్చింది. వేడిగా ఉన్నప్పుడే తినాలి."

వడ్డించే అమ్మాయి పళ్ళెం పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, అప్పుడు వెనుదిరిగింది.

"బాగుందిరా. అబద్ధం ఎందుకాడాలి, బాగుంది. నిప్పు మీద కాల్చావా?"

"నిప్పు మీదే. తొక్క మాడాలి, లోపల వెన్నలా అవ్వాలి. ముందు తీస్తే పచ్చి, ఒక్క క్షణం ఆలస్యమైతే చేదు. అందుకే వంటింట్లో అందరికీ చెప్తాను, ఏమరుపాటు పనికిరాదని."

"చిన్నప్పుడు నేను కోడిని కోస్తుంటే కొట్టు వెనక బస్తాల మధ్య దాక్కునే వాడివి. చెవులు మూసుకుని. నేను చేతులు కడుక్కుని వచ్చి ఎత్తుకోబోతే, నన్ను ముట్టుకోకు అనేవాడివి."

"ఇప్పుడెందుకవన్నీ."

"ఊరికే. వంకాయ తింటుంటే గుర్తొచ్చింది. అది సరేగానీ, నడుమెత్తు గిన్నె, నిండా నీళ్ళు. ఇద్దరు మగాళ్ళు పట్టినా కదలదు. ఎలా జారింది?"

"జారింది."

"ఎలా?"

"జారలేదు. సరేనా? జారలేదు. ఓనరు ఆమె చెయ్యి అందులోకి తోశాడు."

"మీ ఓనరా? ఈ దారిన ఎప్పుడు వెళ్ళినా బయట కుండీలకి నీళ్ళు పోస్తుంటాడే, ఆయనా?"

"బయటికలా కనిపిస్తాడు. కోపం వస్తే మనిషి కాదు. నేను అడ్డం పడ్డాను కాబట్టి ఆ మాత్రమైనా బతికింది. కానీ అక్కా, ఆయన లోపలికెళ్తే హోటల్ మూతపడుతుంది. వంటింటి మీద బతికేవాళ్ళం మేమంతా వీధిన పడతాం. నా కోసం కాదు నేనడిగేది."

"ఆ రోజు మీ ఓనరు ఊళ్ళో లేడటగా."

"ఎవరన్నారు?"

"లేడా, ఉన్నాడా?"

"ఎవరన్నారక్కా నీతో?"

"గోడలకి చెవులుంటాయి, సందులకి నోళ్ళుంటాయి. ఉన్నాడా?"

"రవియోలీ చెఫ్."

"పెట్టు. ఆగు. ఇదేంటి? ఇటు రా. దీన్నేమంటారు?"

"పగిలింది చెఫ్."

"ఎన్ని పగిలాయి?"

"రెండు చెఫ్. లోపల ఇచ్చింది తెచ్చాను, నేను చూసుకోలేదు."

"కళ్ళెక్కడ పెట్టుకున్నావు? నేలకేసి చూడకు, నా కళ్ళల్లోకి చూడు. మా అక్క మొదటిసారి వచ్చింది. ఆమె ముందు ఇదా నువ్వు పెట్టేది? ఎన్నిసార్లు చెప్పాలి? ఆఁ? ఎన్నిసార్లు?"

"చెయ్యి, చెఫ్. నొప్పిగా ఉంది."

"ఒరేయ్, ఆ అమ్మాయి చెయ్యి వదులు."

"నువ్వుండక్కా."

"వదులు అన్నాను. ఆ పగిలినవి ఇలా నా పళ్ళెంలో వెయ్యమ్మా. పగిలినా పగలకపోయినా వెళ్ళేది పొట్టలోకే. నువ్వు లోపలికెళ్ళు. చేతి మీద చల్లనీళ్ళు పోసుకో."

అమ్మాయి వెళ్ళిపోయింది. ఆమె మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులు తెల్లగా పడి, ఎర్రబడడం అక్క చూసింది.

"నీ ముందు పరువు తీసింది."

"రవియోలీ పగిలితే రోజూ ఇంతేనా?"

"పగలకూడదు. గుడ్డు లేని పిండి చాలా సున్నితంగా ఉంటుంది. కలిపే చెయ్యి బద్ధకిస్తే నీళ్ళల్లో పడగానే విచ్చుకుంటుంది. గుమ్మడికాయ అంతా నీళ్ళపాలు."

"పిన్ని చేసినవి పగిలేవా?"

"మొదట్లో. కసురుకునేవాణ్ణి."

"కసురుకోవడమేనా?"

"పిండి ఒత్తే కర్రతో వేళ్ళ మీద ఒకటి వేసేవాణ్ణి. పగిలిన దానికల్లా ఒకటి. నన్ను చూస్తావేం? నాకూ అలాగే నేర్పారు పని. దెబ్బ తగిలితేనే చెయ్యి నేర్చుకుంటుంది."

"నేర్చుకుందా?"

"నేర్చుకుంది అనుకున్నాను. ఉన్నట్టుండి పగలడం ఆగిపోయింది. బంగారంలా వచ్చేవి. అందరి ముందూ ఆమెని మెచ్చుకున్నాను కూడా. తీరా చూస్తే దొంగచాటుగా గుడ్డు వేస్తోంది. నా వంటింట్లో గుడ్డు. సంచిలో అడుగున గుడ్డల్లో చుట్టుకొచ్చి, నేను బయటికి రాగానే పిండిలో కొట్టేది."

"దెబ్బలు తప్పించుకోడానికి."

"నువ్వు ఆమె వైపే మాట్లాడతావు. విను ముందు. ఆ రోజు ఒక కుటుంబం వచ్చింది. చిన్న పాప. గుడ్డు పడదు దానికి, వాసన తగిలినా ఒళ్ళంతా దద్దుర్లట. ఊళ్ళో ఇక్కడొక్క చోటే ధైర్యంగా తినిపిస్తామని ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని చెప్పింది. రెండు రవియోలీలు తిందో లేదో, పెదాలు ఉబ్బిపోయాయి. మొహం నీలం. ఊపిరి లోపలికి పోవట్లేదు, ఈలలా శబ్దం. నా చేతుల్లో పడిపోయిందక్కా. ఆ పాప నా చేతుల్లో పడిపోయింది."

"బతికిందా?"

"బతికింది. సూది మందు వేశారు. మర్నాడు ఇంటికెళ్ళింది."

"హమ్మయ్య. పిల్ల బతికింది. పిన్ని చేసింది తప్పే. ఆ మాట ఎవరి ముందైనా అంటాను. పనిలోంచి తీసెయ్యాల్సింది. నువ్వే పోలీసుల్ని పిలవాల్సింది. ఇంతకీ ఆ రోజు ఓనరు ఊళ్ళో లేడు, అవునా?"

"అక్కా, ఇంక ఆ సంగతి వదిలెయ్."

"రిసోటో తెప్పించు."

"నువ్వు పిన్నితో మాట్లాడతావా లేదా?"

"రిసోటో తింటూ చెప్తాను. నేనిలాంటివి ఎప్పుడు తిన్నాను గనక."

"అమ్మాయ్, రిసోటో. చూడక్కా, నేను నిన్నిప్పటిదాకా ఏదీ అడగలేదు. ఇదొక్కటే. వంటింట్లో ఎవరూ నోరు విప్పరు, వాళ్ళంతా నా వాళ్ళు. ఉన్నదల్లా ఆమె మాటొక్కటే. అది కూడా లేకపోతే ఏమీ లేదు. ఇటు రా అమ్మాయ్. ఆ రోజు నువ్వు వంటింట్లోనే ఉన్నావు. ఏం చూశావు?"

"ఏం చూడలేదు చెఫ్."

"విన్నావుగా. వెళ్ళు నువ్వు. మాట ఇవ్వక్కా."

"ఏమని?"

"గిన్నె జారిందని ఆమెతో చెప్పిస్తానని."

"చెప్పించకపోతే?"

"చెప్పిస్తావు."

"చెయ్యి వదులు."

"ముందు మాట ఇవ్వు."

"ఎముక నొక్కుకుపోతోంది. వదలరా."

"మాట ఇచ్చేదాకా వదలను."

"కట్టున్న చేత్తో ఆ ఫోర్కు ఎందుకు తీశావు? నా చేతి మీద దాని మొనలు ఎందుకు పెట్టావు? నొక్కుతున్నావా? నొక్కు. నేను కదలను, అరవను. రక్తం చూడని దాన్ని కాదు. ఒక్కటి మాత్రం చెప్పు. పిన్నినీ ఇలాగే పట్టుకున్నావా?"

రిసోటో మీంచి ఆవిరి లేస్తోంది. ఇద్దరిలో ఎవరూ దానివైపు చూడలేదు.

"ఇలాగేనా?"

"ఇలాగే."

"చెప్పు. మొత్తం చెప్పు. నీ అక్కనే కదా."

"ఆ పాపని అంబులెన్సు ఎక్కించి లోపలికొచ్చాను. అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. చెత్తబుట్ట తిరగేశాను. అడుగున, టమాటా తొక్కల కింద, గుడ్డు పెంకులు. ఎవరివని అడగలేదు. ఆమె మొహమే చెబుతోంది. జుట్టు పట్టుకుని పొయ్యి దాకా లాక్కొచ్చాను. కాళ్ళు పట్టుకుంటాను బాబూ అంది. గిన్నె తెర్లుతోంది. ఎన్ని గుడ్లు వేశావో పైకి లెక్కపెట్టు, లెక్క అయ్యాక చెయ్యి తీస్తానన్నాను."

"ఊఁ."

"ఒకటి అంది. రెండు అంది. తర్వాత లెక్క రాలేదు, అరుపే. మళ్ళీ మొదట్నించి చెప్పమన్నాను."

"ఎన్ని వేసింది?"

"ఆరు."

"ఆరు దాకా చెప్పగలిగిందా?"

"లేదు. కింద పడిపోయింది."

"నీ చెయ్యి ఆమెని లాగబోతే కాలింది కాదన్నమాట."

"ఆమె చెయ్యి పైకి వచ్చేస్తోంది. అదిమి పట్టాలి కదా. నాదీ మునిగింది. అప్పుడు తెలియలేదు."

"నొప్పి తెలియలేదా?"

"ఏమీ తెలియలేదు. పొద్దున లేచాక తెలిసింది."

"నేను రోజూ చంపుతానురా. అదే నా బతుకు. ఒక్క వేటు వేస్తాను. అది రెండోసారి అరిచిందంటే ఆ రోజు నాకు అన్నం దిగదు. పిన్ని ఎన్నిసార్లు అరిచింది?"

"నాకు గుర్తులేదు."

"గోడ మీద ఏ ప్రాణినీ బాధపెట్టం అని రాసుకున్నారు. పిన్ని ప్రాణి కాదా?"

"ఆ పాప చచ్చిపోయి ఉంటే? అది చెప్పు. నేను చీమని కూడా తొక్కను, నీకు తెలుసు. నేను చెడ్డవాణ్ణి కాదక్కా. ఆ ఒక్క నిమిషం నేను నేను కాదు."

"ఇప్పుడు నా చెయ్యి పట్టుకున్నది ఎవరు?"

"సారీ. ఇదిగో వదిలేశాను. రక్తం వస్తోందా? అయ్యో. రుమాలు, ఇదిగో. నొక్కి పట్టుకో. అక్కా, నన్ను చూడు. నేను మారతాను. పిన్నిని జీవితాంతం చూసుకుంటాను, ఆమె కూతురికి పని ఇప్పిస్తాను, ఏం కావాలంటే అది. ఎక్కడుందో కనుక్కుని చెప్పు చాలు. నేనే వెళ్ళి మాట్లాడతాను."

"నువ్వు మాట్లాడతావా?"

"నెమ్మదిగానే మాట్లాడతాను."

"వినకపోతే?"

"వింటుంది."

"ఆ వింటుంది అన్నప్పుడు నీ గొంతు ఎలా ఉందో నీకు వినిపించిందా?"

"నన్ను రెచ్చగొట్టకు. వినకపోతే రెండో చెయ్యి కూడా ఉండదని ఆమెకి తెలుసు. చాలా? అదే కదా నా నోట వినాలనుకున్నావు?"

"కాలీఫ్లవర్ ఇంకా రాలేదు."

"నీకు తిండి ఎలా దిగుతోంది?"

"దిగట్లేదు. మింగుతున్నాను. అమ్మాయ్, ఆ కాలీఫ్లవర్ కూడా తెచ్చెయ్యమ్మా. ఆగు, నా ఫోన్ మోగుతోంది."

"ఎవరు?"

"ఉండరా. చెప్పమ్మా. ఆఁ. అయిందా? మొత్తం చెప్పిందా? ఏడవలేదా? మంచిది. సంతకమెలా పెట్టింది? ఎడమచేతి వేలిముద్రా? అదైనా చాలన్నారా? సరే. మంచినీళ్ళు తాగించు. నేను వస్తాను."

"ఎవరక్కా అది?"

"పిన్ని కూతురు."

"ఎక్కడున్నారు వాళ్ళు?"

"ఆసుపత్రి నుంచి నేరుగా నా కొట్టుకే వచ్చారు. వెనక గదిలో పడుకోబెట్టాను. ఆ వాసన నీకు పడదు, లోపలికి రావని తెలుసు. పూట పూటకీ కట్టు నేనే మారుస్తున్నాను. చర్మం గుడ్డకే అంటుకుని వచ్చేస్తోందిరా. నిన్ను ఒక్క మాట అనలేదు ఆమె. మీ తమ్ముడు బయటే కూర్చున్నాడా, అని మాత్రం అడిగేది. అడిగి, గుక్కపట్టి ఏడ్చేది."

"నువ్వా? నా అక్కవి నువ్వు, నాకా ఇలా చేస్తావు? ఇప్పుడక్కడే ఉందా? బండి తాళాలేవి?"

"కూర్చో."

"అడ్డం తప్పుకో. ఇప్పుడెక్కడుంది అది?"

"స్టేషన్‌లో. నువ్వా సందు మొదట్లోంచి లేస్తేనే కదా ఆమె గడప దాటగలిగేది. నీ వీపు కిటికీవైపు ఉంది గనక చూడలేదు, బయట పోలీసు జీపు కూడా వచ్చి ఆగింది. మాంసం ముక్క లేకుండా ముద్ద మింగని దాన్ని, పళ్ళెం తర్వాత పళ్ళెం ఇంతసేపు ఎందుకు నమిలాననుకున్నావురా?"